పసిబిడ్డ ఈఈజీ: గీత నుంచి తెలివి దాకా ఎంత దూరం

ఎనిమిది నెలల బిడ్డ తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి నిమిషం పాటు ఈఈజీ (మెదడు విద్యుత్ చర్య నమోదు) తీస్తే వచ్చేది కొన్ని మైక్రోవోల్టుల ఎగుడుదిగుడు గీత. ఆ బిడ్డ జ్ఞాపకం గురించి, ఏకాగ్రత గురించి ఆ గీత ఏమైనా చెబుతుందా? దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే దాదాపు ఏమీ చెప్పదు. అదే బిడ్డ ముందు ఒక బొమ్మ దాచి, కొన్ని సెకన్లు ఆగి, బిడ్డ కళ్లు ఎటు తిరిగాయో గమనిస్తూ తీసిన గీత అయితే మాట్లాడటం మొదలుపెడుతుంది. శిశువుల ఈఈజీలో గత నాలుగు దశాబ్దాల ప్రగతి యంత్రాల వల్ల కొంత వచ్చింది, ఈ బొమ్మ దాచే పద్ధతిని మెరుగుపరచడం వల్ల అంతకన్నా ఎక్కువ వచ్చింది. అమెరికాలోని వర్జీనియా టెక్‌లో మనస్తత్వవేత్త మార్తా ఆన్ బెల్ సాగించిన పరిశోధన వరుసగా చదివితే ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె ప్రశ్న మొదటి నుంచీ ఒకటే: తొలి ఏడాదిలో మెదడు ముందుభాగంలోని విద్యుత్ చర్యకూ, బిడ్డ ఆలోచనా సామర్థ్యానికీ సంబంధం ఏమిటి? మారుతూ వచ్చింది ఆ ప్రశ్న అడిగే తీరు.

గీత ఎక్కడి నుంచి వస్తుంది

ఈఈజీలో నమోదయ్యేది ప్రధానంగా మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లోని పిరమిడ్ కణాల సినాప్సుల (కణాలు సందేశాలు అందుకునే చోట్ల) దగ్గర పుట్టే విద్యుత్. ఈ కణాలు కార్టెక్స్ ఉపరితలానికి నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉంటాయి. అందువల్ల వేలాది కణాలు కలిసి స్పందించినప్పుడు వాటి చిన్న చిన్న వోల్టేజీలు కూడుకుని పుర్రె దాటి బయటికి వస్తాయి. దారిలో పుర్రె, చర్మం ఆ సంకేతాన్ని పలచబరచి చుట్టుపక్కలకు పరుస్తాయి. నుదుటి మీద ఎలక్ట్రోడ్‌లో కనిపించింది సరిగ్గా దాని కిందనే పుట్టిందని అనుకోవడానికి లేదు. పసిపిల్లల్లో ఇంకో చిక్కు ఉంది. పుర్రె పలచన, నెత్తిమీద మాడు ఇంకా పూడి ఉండదు. మెత్తగా ఉన్న ఆ చోట విద్యుత్తు ఎముక ఉన్న చోటికంటే తేలిగ్గా బయటికి వస్తుంది. కాబట్టి ఐదో నెలలో తీసినదాన్నీ ఇరవయ్యో నెలలో తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి తేడా అంతా మెదడుదేనంటే, అందులో కొంత ఎముక వాటా కలిసిపోతుంది.

జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీద నుంచి ఈ సంకేతాన్ని నమోదు చేశాడు, 1929లో ప్రచురించాడు. పెద్దవాళ్లు కళ్లు మూసుకున్నప్పుడు తల వెనుక సెకనుకు పది సార్ల చొప్పున వచ్చే ఆల్ఫా లయను గుర్తించింది ఆయనే. 1930లలోనే డొనాల్డ్ లిండ్స్లీ, జె. ఆర్. స్మిత్ వంటివారు అదే పిల్లలను మళ్లీ మళ్లీ పరీక్షించి, ఈ లయ వయసుతో ఎలా వేగం పుంజుకుంటుందో చూశారు. మూడు నాలుగు నెలలకు తల వెనుక సెకనుకు 3–4 సార్లు తిరిగే లయ తలెత్తుతుంది. ఏడాదికి అది 6–7 హెర్ట్జ్ (సెకనుకు 6–7 సార్లు), మూడేళ్లకు 8 దగ్గర, పదేళ్ల ప్రాంతంలో 10. ఈ క్రమం ఈనాటికీ నిలిచే ఉంది. దీనివల్ల వచ్చే ఆచరణాత్మక నియమం ఒకటే: పెద్దల ఆల్ఫా హద్దులైన 8–12 హెర్ట్జ్‌ను పసిబిడ్డకు అంటగట్టకూడదు. తొలి ఏడాది రెండో సగంలో పనికొచ్చే పౌనఃపున్య పట్టీ 6–9 హెర్ట్జ్. పీటర్ మార్షల్, యయిర్ బార్-హయిమ్, నేథన్ ఫాక్స్ 2002లో ఐదు నెలల నుంచి నాలుగేళ్ల దాకా ఒకే పిల్లలను అనుసరించి చూపించినది కూడా ఇదే పట్టీ ప్రాధాన్యం. పరిశోధన పత్రంలో ఏ పట్టీ ఎంచుకున్నారో, ఎందుకో రాయకపోతే ఆపైన చదవడం అనవసరం.

బొమ్మ ఎక్కడ ఉంది

స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే గమనించిన ఒక వింత పొరపాటు ఈ కథకు మూలం. ఎనిమిది నెలల బిడ్డ చూస్తుండగా బొమ్మను 'ఎ' అనే చోట దాస్తే తీసుకుంటుంది. రెండు సార్లు అలా తీసుకున్నాక, బిడ్డ చూస్తుండగానే 'బి' దగ్గర దాస్తే మళ్లీ 'ఎ' దగ్గరికే చెయ్యి చాపుతుంది. కంటికి కనపడకపోయినా వస్తువు ఉంటుందన్న ఎరుక ఇంకా కుదరకపోవడమే కారణమని పియాజే అన్నాడు. మనస్తత్వవేత్త ఆడెల్ డైమండ్ 1985లో ఈ పరీక్షకు గడియారం తగిలించింది. దాచడానికీ వెతకనివ్వడానికీ మధ్య ఎన్ని సెకన్లు ఆపితే బిడ్డ తప్పుతుందో నెలనెలా కొలిస్తే, ఏడున్నర నెలల వయసులో రెండు సెకన్లలోపే తప్పుతున్న బిడ్డ ఏడాది నిండేసరికి పది సెకన్లు దాటినా తట్టుకుంటోంది. నెలకు సుమారు రెండు సెకన్ల పెరుగుదల. ఆ తర్వాత ప్యాట్రీషియా గోల్డ్‌మన్-రాకిచ్‌తో కలిసి, మెదడు ముందుభాగంలోని డార్సోలేటరల్ ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ దెబ్బతిన్న కోతులు ఇదే పరీక్షలో ఇదే రకంగా తప్పుతాయని చూపింది. అంటే దీనికి కావలసింది కొంత జ్ఞాపకం, కొంత పాత అలవాటును అణచుకోగలగడం, ఈ రెండింటికీ మెదడు ముందుభాగం.

కానీ కోతి ఆధారం కోతిదే. ఆరోగ్యంగా ఉన్న మనిషి బిడ్డలో ముందుభాగం మారుతోందని చూపేదెలా? మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఫాక్స్ దగ్గర బెల్ చేసిన పని ఇక్కడ వస్తుంది. 1992లో వచ్చిన వారి పత్రంలో పిల్లలు పదమూడు మందే. అయితే ఒక్కొక్కరినీ ఏడో నెల నుంచి పన్నెండో నెల దాకా ప్రతి నెలా పిలిపించారు. నెలనెలా ఊరికే కూర్చున్నప్పటి ఈఈజీ, దాని తర్వాత బొమ్మ దాచే పరీక్ష. ఎక్కువ సెకన్లు తట్టుకోగలిగిన పిల్లల్లో ముందుభాగం ఈఈజీ పవర్ (ఒక పట్టీలో లయ ఎంత బలంగా ఉందన్న కొలత) ఆ ఆరు నెలల్లో మారింది, ముందు వెనుక భాగాల మధ్య పొందిక (రెండు చోట్ల గీతలు కలిసి నడిచే తీరు) కూడా మారింది. తక్కువ తట్టుకున్నవారిలో ఆ మార్పు లేదు.

పదమూడు మంది అనగానే పెదవి విరిచే పాఠకులు ఉంటారు. ఆ విమర్శ సగమే న్యాయం. ఒకే బిడ్డను ఆరు సార్లు చూడటం వల్ల పుర్రె మందం, తల ఆకారం లాంటి బిడ్డకూ బిడ్డకూ మధ్య తేడాలు చాలావరకు తొలగిపోతాయి. రెండు వయసుల వేర్వేరు పిల్లలను వంద మంది చొప్పున పోల్చినా ఆ లాభం రాదు. కాకపోతే రెండు గుంపులుగా విడగొట్టాక ఒక్కో గుంపులో మిగిలేది అరడజను మంది. ఫలితం దిశను నమ్మవచ్చు, పరిమాణాన్ని నమ్మలేం.

అసలు లోపం సంఖ్యలో కాదు, కాలంలో ఉంది. ఈఈజీ తీసింది బిడ్డ ఊరికే ఉన్నప్పుడు, పరీక్ష జరిగింది తర్వాత. చెయ్యి చాపితే భుజం, మెడ కండరాలు గీతను ముంచేస్తాయి కాబట్టి పరీక్ష జరుగుతుండగా తీయడం అప్పుడు కుదరలేదు. ఆలోచిస్తున్న క్షణంలో మెదడు ఏం చేస్తోందో ఈ పద్ధతి చెప్పలేదు.

చెయ్యి బదులు చూపు

పరిష్కారం చూడటానికి చాలా చిన్నది. చెయ్యి చాపనివ్వకుండా కళ్లతో జవాబు చెప్పించడం. బిడ్డ తల్లి లేదా తండ్రి ఒళ్లో కూర్చుంటుంది. బల్లకు అవతల, చేతికి అందని దూరంలో పరిశోధకురాలు. రెండు ప్లాస్టిక్ గిన్నెలు బోర్లించి ఒకదాని కింద బొమ్మ దాస్తుంది. వెంటనే బిడ్డను పేరు పెట్టి పిలుస్తుంది, చూపు గిన్నెల మీద నుంచి మధ్యకు, ఆమె ముఖం మీదకు రావాలి. ఇది తప్పితే పరీక్ష మొత్తం తప్పుతుంది. దాచిన గిన్నె మీదే చూపు నిలిపి ఉంచిన బిడ్డకు జ్ఞాపకంతో పని లేదు, కళ్లు అక్కడే ఉంటే సరిపోతుంది. తర్వాత 'బొమ్మ ఏదీ' అని అడుగుతుంది. మొదట ఎటు కదిలాయో ఆ కదలికే జవాబు, తర్వాతి దిద్దుబాట్లు లెక్కలోకి రావు. ఒకే వైపు వరుసగా రెండు సార్లు సరిగ్గా చూస్తే మూడోసారి రెండో వైపు దాస్తారు. అందులోనూ నెగ్గితే ఆపే సమయం పెంచుతారు. పరిశోధకురాలి వెనుక పైన ఉన్న కెమెరా బిడ్డ ముఖాన్ని దగ్గరగా పట్టుకుంటుంది, మరో వ్యక్తి ఆ వీడియో విడిగా చూసి జవాబులు నమోదు చేస్తారు.

ఒళ్లో కూర్చోబెట్టుకున్నవారి సంగతి పద్ధతుల విభాగంలో ఒక్క వాక్యంలో పోతుంది గానీ గట్టి చిక్కే తెస్తుంది. తల్లికి తెలియకుండానే ఆమె మొగ్గు సరైన వైపు ఉంటుంది, నడుము అటు తిరుగుతుంది, బిడ్డ ఒళ్లు దాన్ని పసిగడుతుంది. అందుకే నేరుగా బిడ్డ తల వైపే చూడమని, మాట్లాడవద్దని ముందే చెబుతారు.

చూపు పద్ధతి వచ్చాక బొమ్మ దాచిన క్షణం నుంచి కళ్లు కదిలే క్షణం దాకా ఉన్న ఈఈజీని విడిగా తీసి, విశ్రాంతి ఈఈజీతో పోల్చడం సాధ్యమైంది. 2000 తర్వాత వరుసగా వచ్చిన బెల్ పత్రాల్లో కనిపించేది ఇదే పోలిక. ఎనిమిది నెలల పిల్లల్లో పరీక్ష సమయంలో 6–9 హెర్ట్జ్ పవర్ విశ్రాంతికంటే పెరిగింది. 2007లో క్రిస్టీ వుల్ఫ్‌తో కలిసి అదే పిల్లలను నాలుగున్నరేళ్ల వయసులో మళ్లీ పరీక్షించినప్పుడు, పసితనంలో తలంతా కనిపించిన పెరుగుదల ముందుభాగం మధ్యకు కుదించుకుపోయింది. ఆ వయసుకు తగిన పరీక్ష వేరు: పరిశోధకురాలు తల అడ్డంగా ఊపితే పిల్లవాడు 'అవును' అనాలి, నిలువుగా ఊపితే 'కాదు' అనాలి. ఒక నియమం గుర్తుంచుకుని అలవాటును ఆపుకోవడమనే అంశం రెండు పరీక్షల్లోనూ ఉంది. మొదట్లో మెదడంతా కలబడి చేసే పనిని తర్వాత ఒక చిన్న భాగం చేసేస్తుందన్న ఊహకు ఇది బలం. పరీక్షలు రెండూ వేర్వేరు కాబట్టి ఊహ అనే అనాలి.

టోపీ పెట్టడం దగ్గర

ఎలక్ట్రోడ్ల స్థానాలకు 1958లో హెర్బర్ట్ జాస్పర్ ప్రచురించిన 10–20 పద్ధతి ఆధారం. ముక్కు మొదలు నుంచి తల వెనుక ఎముక బొడిపె దాకా టేపుతో కొలిచి, ఆ దూరంలో 10 శాతం, 20 శాతం చొప్పున గుర్తులు పెడతారు. ఎడమవైపు బేసి సంఖ్యలు, కుడివైపు సరి సంఖ్యలు, మధ్యగీతకు 'జెడ్'. తల చుట్టుకొలత ముందే కొలిచి సరైన టోపీ తీసి ఉంచాలి. పెద్ద టోపీ పసితల మీద జారితే ముందుభాగం ఎలక్ట్రోడ్ నుదుటి కండరం మీదికి వస్తుంది, ఆపైన అది నమోదు చేసేది బిడ్డ కనుబొమల ముడి.

గుడ్డ టోపీ అయితే ఒక్కో ఎలక్ట్రోడ్ కింద చర్మాన్ని గరుకు జెల్‌తో సుతారంగా రుద్ది, విద్యుత్ ప్రవహించే జెల్ నింపుతారు. నిరోధం 10 కిలోఓమ్‌ల లోపు ఉండాలన్నది ఈ రకానికి వాడుకలో ఉన్న హద్దు, వీలైతే 5. పదహారు చోట్ల ఇలా చేస్తుంటే బిడ్డ చేతులు టోపీ మీదికి పోతాయి. ఆ నిమిషాల్లో మరొకరు బొమ్మలతో బిడ్డ చేతులకు పని కల్పించకపోతే ప్రయోగం మొదలుకాకముందే అయిపోతుంది. స్పాంజి వల రకంలో రుద్దడం ఉండదు. గోరువెచ్చని నీటిలో పొటాషియం క్లోరైడ్, కాస్త బేబీ షాంపూ కలిపి ఐదు పది నిమిషాలు నానబెట్టి ఒక్కసారిగా తొడుగుతారు. షాంపూ చర్మం మీది జిడ్డును విడగొడుతుంది. ఇక్కడ 50 కిలోఓమ్‌ల దాకా ఒప్పుకునే యాంప్లిఫయర్లు ఉంటాయి. త్వరగా అయిపోయే ఈ పద్ధతికి రెండు ఇబ్బందులున్నాయి. స్పాంజి ఆరిపోతుంటే నిరోధం పెరుగుతూ పోతుంది, గంటకు మించి నమ్మలేం. తడి మరీ ఎక్కువైతే పక్కపక్క స్పాంజిల మధ్య ఉప్పునీటి వంతెన ఏర్పడి రెండూ ఒకే గీత చూపిస్తాయి. పక్క ఎలక్ట్రోడ్లు అనుమానం వచ్చేంత ఒకేలా ఉంటే మొదట చూడవలసింది మెదడు సమన్వయం కాదు, చెంప మీదికి కారుతున్న నీరు.

జుట్టు ఒత్తుగా, ఉంగరాలుగా ఉన్న పిల్లల్లో స్పాంజి చర్మానికి తగలదు. వారి రికార్డింగులు నాణ్యత లేవని పక్కన పెడుతూ పోతే నమూనా నుంచి కొన్ని సమూహాలు నిశ్శబ్దంగా మాయమవుతాయి. ఈ విషయం చర్చకు రావడమే ఇటీవల.

బిడ్డ రాకముందు చేయాల్సిన పని ఒకటుంది. 10 హెర్ట్జ్, 50 మైక్రోవోల్టుల సైన్ తరంగాన్ని ప్రతి చానెల్‌లోకి పంపి నమోదు చేయడం. నెలల తరబడి సాగే అధ్యయనంలో యాంప్లిఫయర్ కొద్దిగా మారినా అది బిడ్డ ఎదుగుదలలా కనిపిస్తుంది. ఈ క్యాలిబ్రేషన్ ఉంటేనే ఆ అనుమానాన్ని కొట్టిపారేయగలం.

విశ్రాంతి ఈఈజీ అన్న మాట పసిపిల్లల విషయంలో పేరుకే. కళ్లు మూసుకుని కదలకుండా ఉండమని ఎనిమిది నెలల బిడ్డకు చెప్పలేం. రంగు బంతులున్న చిన్న పంజరాన్ని తిప్పుతూ నిమిషం పాటు చూపించడం ఫాక్స్, బెల్ ప్రయోగశాలల్లో ఎంచుకున్న మార్గం. అంటే ఇది శ్రద్ధగా చూస్తున్న స్థితి. మరో ప్రయోగశాల బుడగలు చూపితే, ఇంకొకటి కార్టూన్ వేస్తే, ఈ 'విశ్రాంతి'లు ఒకటి కావు, వాటిని కలిపి సగటు తీయడం ప్రమాదం.

ఎంత మిగులుతుంది

ఆ తర్వాత ఏరివేత. రెప్పపాటు నుదుటి ఎలక్ట్రోడ్లలో 100 మైక్రోవోల్టులు దాటే ఉబ్బుగా కనిపిస్తుంది. ఒళ్లు కదిలితే 200 దాటుతుంది. పాల పీక చప్పరిస్తే నెమ్మదైన లయ ఒకటి వచ్చి డెల్టా, థీటా అనే నెమ్మది పట్టీల్లో కూర్చుంటుంది. దవడ, మెడ కండరాల గోల 20 హెర్ట్జ్ పైన వ్యాపిస్తుంది. ఈ చివరిది అన్నిటికన్నా మోసకారి. రెప్పపాటులా కంటికి కొట్టొచ్చినట్టు కనిపించదు, గీత కాస్త ముతకగా మారుతుంది, లెక్కలో మాత్రం బీటా, గామా అనే వేగపు పట్టీల పవర్‌గా నమోదవుతుంది.

మిగిలిన శుభ్రమైన ముక్కలను ఒక్కో సెకను నిడివితో, సగం సగం అతివ్యాప్తితో కోసి, హానింగ్ కిటికీ వేసి (ముక్క అంచులను నున్నగా తగ్గించి), ఏ పౌనఃపున్యంలో ఎంత పవర్ ఉందో చెప్పే ఫూరియర్ పరివర్తన చేస్తారు. ఒక సెకను ముక్కకు వచ్చే సూక్ష్మత 1 హెర్ట్జ్, రెండు సెకన్లకు అర హెర్ట్జ్. రెండు సెకన్లు మేలే కదా అనిపిస్తుంది. కానీ రెండు సెకన్లు ఎక్కడా కదలని ఎనిమిది నెలల బిడ్డ అరుదు. ముక్క నిడివి పెంచితే పారేయాల్సిన ముక్కలు పెరుగుతాయి. పవర్ విలువలు కొందరిలో విపరీతంగా ఎక్కువ ఉండి ఒకవైపుకు ఒరిగి ఉంటాయి కాబట్టి సహజ లాగరిథం తీసుకున్నాకే గణాంకం.

పెద్దల ఈఈజీలో రెప్పపాటును తొలగించడానికి వాడే ఇండిపెండెంట్ కాంపొనెంట్ ఎనాలిసిస్‌ను ఇక్కడ కళ్లు మూసుకుని వాడేయలేం. ఆ పద్ధతికి కావలసిన నమూనాలు చానెళ్ల సంఖ్య వర్గానికి కనీసం ఇరవై రెట్లుండాలని ఒక అనుభవ సూత్రం. 128 చానెళ్లకు అది 3,27,680 నమూనాలు, సెకనుకు 250 చొప్పున తీస్తే దాదాపు 22 నిమిషాలు. బిడ్డ ఇచ్చేది మూడు నాలుగు నిమిషాలు. అందుకే చానెళ్లు తగ్గించి విశ్లేషించడం, పసిపిల్లల కోసమే చేసిన హ్యాపీ, మేడ్ వంటి శుద్ధి విధానాలు వాడటం. విధానం ఏదైనా, ఎన్ని ముక్కలు వచ్చాయి, ఎన్ని మిగిలాయి అన్నది బిడ్డవారీగా చెప్పాలి.

ఒక చిత్రం చూపినప్పుడో, ఒక శబ్దం వినిపించినప్పుడో వచ్చే స్పందనను సగటు తీసి పట్టుకునే ఇఆర్‌పీ పద్ధతిలో ఈ కరువు మరీ ఎక్కువ. సగటులో గోల, కలిపిన ముక్కల సంఖ్య వర్గమూలం మేరకే తగ్గుతుంది. 20 మైక్రోవోల్టుల గోల 16 సార్ల సగటులో 5కు, 64 సార్ల సగటులో 2.5కు దిగుతుంది. సగానికి తగ్గాలంటే నాలుగు రెట్లు ఓపిక కావాలి. పసిబిడ్డ దగ్గర పది ఇరవై మంచి ముక్కలు దొరికితే గొప్ప. అందుకే ఎరిక్ కోర్షేన్ బృందం 1981లో వర్ణించిన, శ్రద్ధకు సంబంధించిన ఎన్‌సీ వంటి పెద్ద, నెమ్మదైన అలలే శిశు ఇఆర్‌పీలో బాగా నిలబడ్డాయి. సన్నని శిఖరాల మీద కట్టిన వాదనలు అంతగా నిలవలేదు. చాలా ఇఆర్‌పీ అధ్యయనాల్లో వచ్చిన పిల్లల్లో సగం మంది దాకా లెక్కలోంచి జారిపోతారు. మిగిలేది కుదురైన పిల్లలు. శ్రద్ధను కొలిచే అధ్యయనంలో శ్రద్ధ ఉన్నవారే మిగలడం చిన్న సమస్య కాదు.

పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా

ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారు తికమకపడేది ఇక్కడే. రిచర్డ్ డేవిడ్‌సన్, ఫాక్స్ 1982లో పది నెలల పిల్లలకు నవ్వుతున్న ముఖం చూపినప్పుడు ఎడమ ముందుభాగం ఎక్కువ చురుకైందని ప్రచురించారు. ఎడమ, కుడి భాగాలను పోల్చే ఈ సంప్రదాయంలో తర్వాత స్థిరపడిన పాఠం ఏమిటంటే, ఆల్ఫా పవర్ తక్కువగా ఉన్న వైపే ఎక్కువ పనిచేస్తున్నట్టు. బెల్ పరిశోధనలో మాత్రం పరీక్ష చేస్తున్నప్పుడు 6–9 హెర్ట్జ్ పవర్ పెరిగింది, ఆ పెరుగుదలనే మెదడు పనిలో దిగిన గుర్తుగా చదివారు. ఒకే పట్టీ, ఒకే ప్రాంతం, రెండు వ్యతిరేక పాఠాలు.

ఇది కప్పిపుచ్చాల్సిన వైరుధ్యం కాదు. పెద్దల్లో కూడా జ్ఞాపకంలో ఎక్కువ అంశాలు నిలుపుకోవాల్సినప్పుడు ఆల్ఫా పెరిగిన సందర్భాలున్నాయి, అడ్డు వచ్చే సమాచారాన్ని అణచిపెట్టడానికి ఆ లయ పనికొస్తుందన్నది ఒక వివరణ. బొమ్మ ఎక్కడుందో గుర్తుంచుకుంటూ పాత అలవాటును ఆపుకునే బిడ్డకు ఈ వివరణ బాగానే అతుకుతుంది. నవ్వు ముఖం చూసే బిడ్డకు అతకదు, అక్కడ ఆపుకోవాల్సింది ఏమీ లేదు. పవర్ అనే అంకెకు సొంతంగా ప్లస్, మైనస్ గుర్తు లేదు. ఆ గుర్తు పెట్టేది బిడ్డ చేస్తున్న పని. పని ఏమిటో చెప్పకుండా 'ఈ పిల్లల మెదడు చురుగ్గా ఉంది' అనే వాక్యం ఎంత గొప్ప పత్రికలో వచ్చినా ఖాళీ వాక్యమే.

పాకడం, పొందిక

కొహెరెన్స్, అంటే పొందిక, రెండు ఎలక్ట్రోడ్ల గీతలు ఒకే పట్టీలో ఎంత స్థిరంగా కలిసి నడుస్తున్నాయో 0 నుంచి 1 దాకా చెప్పే కొలత. 1996లో బెల్, ఫాక్స్ ఎనిమిది నెలల పిల్లలను వయసు మార్చకుండా పాకిన అనుభవాన్ని బట్టి విడదీశారు: ఇంకా పాకనివారు, నాలుగు వారాల లోపు పాకుతున్నవారు, ఐదు నుంచి ఎనిమిది వారాలవారు, అంతకు మించినవారు. కొత్తగా పాకడం మొదలుపెట్టినవారిలో పొందిక మిగతా వారికంటే ఎక్కువ. బాగా అలవాటైనవారిలో మళ్లీ తక్కువ. కొత్త నైపుణ్యం ముంచుకొచ్చినప్పుడు అనుసంధానాలు ఎక్కువగా పుట్టి, తర్వాత అనవసరమైనవి రాలిపోతాయన్నది వారి వ్యాఖ్య. వయసును స్థిరంగా ఉంచి అనుభవాన్ని మార్చి చూడటం ఈ రూపకల్పనలోని అందం, 'ఎదుగుదల' అనే ముద్దను రెండుగా చీల్చగలిగింది. అయితే పెరిగి తగ్గిన ఆ వంపు వేర్వేరు పిల్లల నుంచి కూర్చినది, ఏ ఒక్క బిడ్డలోనూ చూసినది కాదు. పైగా ఎనిమిది నెలలకే తొమ్మిది వారాలుగా పాకుతున్న బిడ్డ ఇంకా చాలా విషయాల్లో వేరుగా ఉండవచ్చు.

కొహెరెన్స్ లెక్కలో రెండు గోతులు తప్పక చూసుకోవాలి. ఒకే మూలం నుంచి వచ్చిన విద్యుత్తు పుర్రెలో పరుచుకుని రెండు ఎలక్ట్రోడ్లకూ చేరితే అక్కడ ఏ అనుసంధానమూ లేకున్నా పొందిక కనిపిస్తుంది. దగ్గరి జంటలలో ఇది ఎక్కువ. రెండోది, ముక్కల సంఖ్య తగ్గేకొద్దీ పొందిక దొంగతనంగా పెరుగుతుంది. ఒకే ముక్క ఉంటే విలువ కచ్చితంగా 1. పది స్వతంత్ర ముక్కలకు ఏ సంబంధమూ లేని గీతల మధ్య కూడా దాదాపు 0.1 వస్తుంది. ఎక్కువ కదిలే పిల్లల గుంపుకు తక్కువ ముక్కలు మిగిలితే, వారి మెదడు 'బాగా అనుసంధానమైంది' అన్న ఫలితం తయారవుతుంది. రెండు గుంపులకూ ముక్కల సంఖ్య సమానం చేశాకే పోల్చాలి.

రాబర్ట్ థాచర్ బృందం 1987లో 577 మంది పిల్లల, యువకుల ఈఈజీల్లో పొందిక కొన్ని వయసుల్లో ఉన్నట్టుండి పెరుగుతుందని చూపినప్పుడు, ఆ దూకుళ్లను పిల్లల ఆలోచన ఎదుగుదలకు పియాజే చెప్పిన దశలతో జతకట్టాలన్న ఉత్సాహం వచ్చింది. ఒక్కో వయసుకు వేరే పిల్లలు, పక్కన ఏ పరీక్షా లేదు. రెండు గ్రాఫుల మెట్లు ఒకేచోట ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు.

ప్రయోగశాల దాటి వెళ్లినప్పుడు

బెల్ తర్వాతి పని నార్త్ కరోలినాలో సుసాన్ కాల్కిన్స్‌తో కలిసి సుమారు 400 మంది పిల్లలను ఐదో నెల నుంచి బడి వయసు దాకా అనుసరించడం. ఈఈజీతో పాటు గుండె లయ, స్వభావం, తల్లితో ఆడే తీరు కూడా కొలిచారు. కింబర్లీ క్యూవస్‌తో రాసిన ఒక పత్రంలో, ఐదో నెలలో ఒక దృశ్యాన్ని త్వరగా చూసి చూపు మరల్చిన పిల్లలు తర్వాత రెండు, మూడు, నాలుగేళ్లలో ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ (గుర్తుంచుకుని, అలవాటును ఆపుకుని పని నడిపే సామర్థ్యం) పరీక్షల్లో మెరుగ్గా చేశారని తేలింది. ఆ ఫలితానికి ఎలక్ట్రోడ్ అవసరం లేకపోయింది, గడియారం, కెమెరా చాలాయి. ఈఈజీ పరిశోధకులే అది ప్రచురించడం వారి పద్ధతి గురించి మంచి మాటే చెబుతుంది.

రొమేనియాలో చార్లెస్ నెల్సన్, ఫాక్స్, చార్లెస్ జీనా మొదలుపెట్టిన బుకారెస్ట్ ప్రాజెక్టు ఇంకో స్థాయి. అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. మొదట్లో ఆశ్రమ పిల్లల ఈఈజీలో బయటి పిల్లలకంటే థీటా ఎక్కువ, ఆల్ఫా తక్కువ. ఎనిమిదేళ్ల వయసులో చూస్తే, రెండేళ్ల లోపు కుటుంబాలకు వెళ్లిన పిల్లల ఆల్ఫా బయటి పిల్లల స్థాయికి వచ్చింది. ఇక్కడ ఈఈజీకి బలం ఇచ్చింది యాదృచ్ఛిక కేటాయింపు. అయితే ఏ వయసులో కుటుంబానికి వెళ్లారన్నది లాటరీ తేల్చినది కాదు. రెండేళ్ల గీతను ప్రకృతి గీసిన సరిహద్దుగా చెప్పుకోవడం తొందరపాటు.

యాదృచ్ఛిక కేటాయింపు ఉన్నా పట్టీ ఎంపిక దెబ్బతీయగలదని చూపింది అమెరికాలోని 'బేబీస్ ఫస్ట్ ఇయర్స్' అధ్యయనం. వెయ్యి మంది పేద తల్లులకు నెలకు 333 డాలర్లో, 20 డాలర్లో ఇచ్చారు. కోవిడ్ వల్ల ఇళ్లకు వెళ్లడం ఆగిపోయి, ఏడాది వయసులో 435 మంది పిల్లల ఈఈజీ మాత్రమే అందింది. 2022లో వచ్చిన పత్రం ఎక్కువ డబ్బు అందిన గుంపులో అధిక పౌనఃపున్య పవర్ ఎక్కువని చెప్పింది. డబ్బు పిల్లల మెదడును మార్చిందని శీర్షికలు వచ్చేశాయి. అనేక పోలికలకు గణాంక సవరణ చేశాక ఆ తేడాలు చాలావరకు నిలవలేదన్న మాట పత్రంలోనే ఉంది. బిడ్డ ఏ పరీక్షా చేయలేదు. ఎంచుకున్న పట్టీలో కొంత భాగం కండరాల గోల సులువుగా దూరే చోటు. నాలుగేళ్ల వయసులో చూసినప్పుడు భాషలో గానీ, ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్‌లో గానీ, ఆ మెదడు పవర్‌లో గానీ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పేద కుటుంబాలకు డబ్బు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నను ఈఈజీ మీద ఆనించడమే మొదటి పొరపాటు. ఆ వాదన సొంత కాళ్ల మీద నిలబడగలదు.

పవర్ అనే అంకె లోపల ఏముందన్న ప్రశ్న కూడా ఇప్పుడు మళ్లీ తెరుచుకుంది. ఈఈజీ వర్ణపటంలో లయల శిఖరాల కింద, తక్కువ పౌనఃపున్యంలో ఎత్తుగా మొదలై క్రమంగా వాలే నేపథ్యం ఒకటి ఉంటుంది. 2020లో థామస్ డోనహ్యూ, బ్రాడ్లీ వోయ్‌టెక్ తదితరులు ఆ వాలును, శిఖరాలను వేరుచేసే పద్ధతిని ప్రచురించారు. వయసుతో ఆ వాలు చదునవుతుంది. 6–9 హెర్ట్జ్ పవర్ రెండు వయసుల మధ్య మారిందంటే శిఖరం పెరిగి ఉండవచ్చు, శిఖరం పక్కకు జరిగి ఉండవచ్చు, కింద నేల వాలు మారి ఉండవచ్చు. పట్టీ సగటు ఈ మూడింటినీ ఒకే అంకెగా ఇస్తుంది. ముడి రికార్డింగులు దాచిపెట్టిన ప్రయోగశాలలు పాత పిల్లల గీతలనే మళ్లీ లెక్కించి ఏది నిజమో తేల్చుకోగలవు. పట్టీల సగటులు మాత్రమే భద్రపరిచినవి ఆ పని చేయలేవు, నెలనెలా అదే బిడ్డను పిలిపించి తీసిన రికార్డింగులైనా సరే.